కెమెరాకు కట్టిన చీటీ

ఏడుకొండలు పాత కెమెరాను ఊరికే అమ్మడు. చీటీ కట్టి అమ్ముతాడు. అల్లుడి పలకల ఫ్యాక్టరీలో మిగిలిపోయిన అట్టముక్క, దానికో చిల్లు, చిల్లులో పురికొస. అట్ట మీద నల్ల సిరాతో మూడు వరుసలు. వస్తువు. లోపం. కారణం.

మొదటి రెండూ ఎవరైనా రాస్తారు. మూడోది రాసేవాడు మార్కాపురంలోనే కాదు, ఈ వ్యాపారంలోనే ఇతనొక్కడు.

"లోపం: లెన్సు మీద గుండ్రంగా గీతలు. కారణం: పొదిలిలో ఒకాయన పదేళ్లపాటు పంచె కొంగుతో తుడిచాడు. అంట్లగిన్నె అనుకున్నాడు."

"లోపం: ఫోకస్ రింగు తిరగదు. కారణం: ఇరవై దసరాలు. ఆయుధపూజ రోజు గంధం బొట్టు కెమెరాకు పెట్టాలి గానీ, తిరిగే రింగు సందులో పెట్టమని ఈయనకు ఎవరు చెప్పారో."

"లోపం: అద్దాల మధ్య బూజు. కారణం: పుల్లలచెరువులో మనుషులు తాగడానికే నీళ్లు చాలవు. ఈ కెమెరాకు మాత్రం కరువు లేదు. నీళ్ల డ్రమ్ము పక్కన గూట్లో పెట్టారు."

కూతురు లక్ష్మీప్రసన్న రెండు వీధుల అవతలే ఉంటుంది. కెమెరాకూ చీటీకీ కలిపి ఫోటో తీసి ఫోనులో పెడుతుంది. హైదరాబాదు, బెంగుళూరు పిల్లలు ఎగబడి కొంటారు. ఫిలిం మీద ఫోటో తియ్యడం వాళ్లకు కొత్త సరదా. ఒకమ్మాయి, కెమెరా ఎట్లా ఉన్నా పరవాలేదు, చీటీ కోసమే కొన్నానని రాసింది. కూతురు సంబరంగా చదివి వినిపిస్తే ఏడుకొండలు మొహం చిట్లించి, ఆ పిల్లను ముందు ఫోటో తియ్యమను అన్నాడు.

అరవై ఏడేళ్లు. స్టూడియో మూసేసి పదేళ్లు. భార్య కోటిరత్నం పోయి ఆరేళ్లు. ఆమె ఉన్నన్నాళ్లూ అనవలసిన మాటలన్నీ ఇంట్లో అనేవాడు. ఇప్పుడు చీటీల మీద రాస్తున్నాడు. మూడో వరుసలో "తెలియదు" అన్న మాట ఇంతవరకు రాయలేదు. కారణం లేని లోపం ఉండదని అతని లెక్క. తెలియదు అన్నవాడు ఏదో దాస్తున్నాడని కూడా.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం అంజయ్య వచ్చాడు. అంజయ్య మోపెడ్ మీద యర్రగొండపాలెం నుంచి కనిగిరి దాకా తిరిగి పాత సామాను కొంటాడు. ఇత్తడి బిందెలు, కుట్టుమిషన్లు, రేడియోలు. మూతపడిన స్టూడియోల్లో కెమెరాలు దొరికితే గోనెసంచిలో వేసుకొచ్చి ఏడుకొండలు వసారాలో దింపుతాడు. ఆ రోజు సంచిలో నాలుగు ఉన్నాయి. మూడు మామూలువే. నాలుగోది అడుగున, తువ్వాలులో చుట్టి ఉంది. పెంటాక్స్. దాంతోపాటు రెండు లెన్సులు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది.

ఏడుకొండలు కెమెరాను తిరగేశాడు. అడుగున ఎర్రటి గోళ్ల రంగుతో రెండు చుక్కలు.

పెళ్లిళ్లలో ఒకరి కెమెరా ఒకరికి మారిపోకుండా ఆ రోజుల్లో అందరూ ఇట్లా గుర్తు పెట్టుకునేవాళ్లు. ఏడుకొండలుది ఒక చుక్క. రెండు చుక్కలవాడు గిద్దలూరు శ్యాంసన్. ఇద్దరూ కంభంలో ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. ఒకే గోళ్ల రంగు సీసాలోంచి పెట్టుకున్న చుక్కలవి.

"ఇది యాడ దొరికింది?"

"గిద్దలూరు పక్క," అన్నాడు అంజయ్య మెడ గోక్కుంటూ.

"ఎవరిచ్చినారు?"

"ఎవరో ఒకరులే మామా. నీకు కావాల్నా, వద్దా?"

ఏడుకొండలు లోపలికి పోయి టీ పెట్టుకొచ్చి ఇచ్చాడు. తాగాక ఇంకో గ్లాసు పోశాడు. ఆ ఇంట్లో రెండో గ్లాసు ఎన్నడూ ఎరగడు అంజయ్య. మామకు ఒంట్లో బాగుందా అని అనుమానం వచ్చి, టీ చల్లారకముందే గుటుక్కున మింగి మోపెడ్ ఎక్కాడు.

ఏడుకొండలుకు ఒంట్లో బాగానే ఉంది. మనసులో ఇంకా బాగుంది. శ్యాంసన్‌కు చీటీ రాసే రోజు వచ్చింది.

సంగతి పాతికేళ్ల కిందటిది. లక్ష్మీప్రసన్న పెళ్లి. ఎంత పేరున్న ఫోటోగ్రాఫరైనా కూతురి పెళ్లికి తనే ఫోటోలు తియ్యలేడు, అల్లుడి కాళ్లు కడగాలి గనక. అందుకని శ్యాంసన్‌ను పిలిచాడు. శ్యాంసన్ ఈ పెంటాక్స్ మెళ్లో వేసుకొని ముందురోజే వచ్చాడు. అందరినీ వరసలు కలిపి పలకరించాడు. పొద్దున్నుంచి తీసిన ఫోటోలన్నీ బాగా వచ్చాయి. ముహూర్తం దగ్గర్నుంచి తీసిన మూడు రీళ్లూ చెడిపోయాయి.

చెడిపోవడమంటే నల్లగా పోయినా బాగుండేది. అట్లా కాలేదు. ముందువైపు కూర్చున్న పురోహితుని వీపు అద్దంలో చూసినట్టు వచ్చింది. జంధ్యం పోగులు లెక్కపెట్టుకోవచ్చు. ఆయన వెనక పీటల మీద ఉన్న పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మాత్రం పొగలో కూర్చున్నట్టు మసగ్గా ఉన్నారు. జీలకర్ర బెల్లం, తాళికట్టు, తలంబ్రాలు, అన్నింటిలోనూ అదే తంతు. ఆల్బం చూసిన చుట్టాలందరూ పురోహితుణ్ణి మెచ్చుకున్నారు.

నా కంటికి స్పష్టంగానే కనిపించిందని శ్యాంసన్ మొత్తుకున్నాడు. అయితే నీ కళ్లు పోయినట్టేనని ఏడుకొండలు అన్నాడు. అక్కడితో ఆగలేదు. ఒంగోలులో ఫోటోగ్రాఫర్ల మీటింగులో అన్నాడు. కనిగిరి దాకా ప్రతి టీ కొట్టులో అన్నాడు. చూపు ఆనని వాడిని పెళ్లికి ఎవరు పిలుస్తారు? ఏడాది తిరిగేసరికి శ్యాంసన్‌కు పెళ్లిళ్లు ఆగిపోయాయి. గిద్దలూరులో కొట్టు పెట్టుకొని పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ ఉండిపోయాడు. ఆ కబురు విని ఏడుకొండలు, దేవుడున్నాడు అనుకున్నాడు.

కోటిరత్నం ఒక్కతే వేరే మాట అంది. "ఆ మనిషి పని ఆ మనిషిని చెయ్యనిచ్చినావా నువ్వు?" అని. అంటే ఏమిటని ఏడుకొండలు అడగలేదు. ఆమెను అడిగి తెలుసుకునే అలవాటు అతనికి లేదు.

సాయంత్రం లక్ష్మీప్రసన్న గిన్నెలో కూర తెచ్చింది. బల్ల మీద పెంటాక్స్ చూసి గుర్తుపట్టింది.

"వదిలెయ్ నాయనా. ఆ పురోహితుడే పోయినాడు పాపం."

"పరీక్ష చెయ్యకుండా నేనెప్పుడన్నా రాసినానా?" అన్నాడు ఏడుకొండలు.

"ముందే రాసి జేబులో పెట్టుకున్నట్టు ఉండావు."

జేబులో ఏమీ లేదు గానీ తలలో ఉంది. "కారణం: తీసినవాడికి చూపు లేదు." అక్షరాల సైజు కూడా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. అతని పని పద్ధతి మారదు. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఊదుతాడు. తర్వాత మెత్తని కుంచె. తర్వాత పుల్లకు చుట్టిన దూది స్పిరిట్‌లో ముంచి మూలమూలలా తుడుస్తాడు. ఆ దూదిని చూసి కెమెరా ఎవరి చేతుల్లో బతికిందో చెప్పగలడు. పలకల ఫ్యాక్టరీల దగ్గరి స్టూడియోవాళ్ల దూది బూడిదరంగులో వస్తుంది. పెళ్లిళ్లు తీసేవాళ్లది పసుపుపచ్చగా వస్తుంది. శ్యాంసన్ కెమెరా నుంచి దూది తెల్లగా వచ్చింది.

ఏడుకొండలుకు అది నచ్చలేదు. ఇంకో దూది తీసుకొని గట్టిగా రుద్దాడు. అదీ తెల్లగానే వచ్చింది. వెనక మూతలో వెలుతురు రాకుండా అంటించే స్పాంజి మాత్రం కరిగి తారులా కారుతోంది. అది ఎవరి కెమెరాలోనైనా అంతే. గీకేసి కొత్త నల్లబట్ట అంటించాడు. షట్టరు చెవి దగ్గర పెట్టుకొని ఒక్కో స్పీడూ విన్నాడు. సెకనుకు సెకను, అరకు అర, తేడా లేదు. లెన్సులు రెండూ కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. గీత లేదు, బూజు లేదు, వేలిముద్ర కూడా లేదు.

ఇంత శుభ్రంగా పెట్టుకున్నవాడు ఆ పని ఎందుకు చేశాడా అన్న ఆలోచన ఒకటి వచ్చింది. దాన్ని వెళ్లగొట్టి ఫిలిం ఎక్కించాడు.

లెన్సు పరీక్షకు ఏడుకొండలు పలకలు వాడతాడు. వాడ నిండా పలకలుండే ఊళ్లో ఇంకేం వాడతాడు? మూడు పలకలు తీసుకొని ఒకదాని మీద ఏడో ఎక్కం, ఇంకోదాని మీద ఎనిమిదో ఎక్కం, మూడోదాని మీద తొమ్మిదో ఎక్కం బలపంతో సన్నగా రాస్తాడు. పెరట్లో ఒకదాని వెనక ఒకటి, అడుగున్నర ఎడంతో, ఒకదానికొకటి అడ్డం రాకుండా నిలబెడతాడు. నడిమి పలకకు, అంటే ఎనిమిదో ఎక్కానికి ఫోకస్ చేసి తీస్తాడు. కెమెరా మంచిదైతే ఫిలిం మీద ఎనిమిదో ఎక్కం చదవడానికి వస్తుంది, అటూ ఇటూ ఉన్నవి మసకబారతాయి. పొడుగు లెన్సు పెట్టి స్టాండు మీద నుంచి ఆరు ఫోటోలు తీశాడు. కంటికి ఎనిమిదో ఎక్కం గీత గీసినట్టు కనిపించింది.

స్నానాలగది తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి ఫిలిం కడిగాడు. తీగ మీద ఆరేసి, ఆరాక భూతద్దం పెట్టి చూశాడు.

ఏడు ఒకట్ల ఏడు. ఏడు రెళ్ల పద్నాలుగు. పదో వరుస దాకా చక్కగా చదవొచ్చు. ఎనిమిదో ఎక్కం పొగలో ఉంది.

పలకలు మార్చి పెట్టానేమోనని పెరట్లోకి పోయి చూసుకున్నాడు. మార్చలేదు. టేపుతో కొలిచి మళ్లీ తీశాడు. మళ్లీ కడిగాడు. మళ్లీ ఏడో ఎక్కమే.

ఏడుకొండలు స్టూలు మీద కూర్చున్నాడు. కంటికి కనపడే చోటు వేరు, ఫిలిం మీద పడే చోటు వేరు. కంటికి పెళ్లికూతురు, ఫిలిం మీద పురోహితుడు. నా కంటికి స్పష్టంగానే కనిపించిందని ఆ రోజు శ్యాంసన్ చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా నిజం.

అయినా కెమెరా ఎవరిది? చూసుకోవద్దా? ఏడుకొండలు ఆ మాటను కాసేపు పట్టుకొని వేలాడాడు. కానీ చూసుకోలేదంటే సరిపోదు, ఏది చూసుకోలేదో రాయాలి. లెన్సు ఊడదీసి టార్చి వేశాడు. లోపల ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన బొమ్మను పైకి తిప్పి కంటికి చూపించేది అదే. మీట నొక్కగానే ఎగిరి, మళ్లీ ఒక బుల్లి మేకు మీద వచ్చి వాలుతుంది. ఆ మేకు మీద సరిగ్గా కూర్చుంటేనే కన్నూ ఫిలిమూ ఒకటే చూస్తాయి. వెంట్రుకవాసి లేచినా లెక్క తప్పుతుంది.

మేకు మీద ఏదో ఉంది. సన్న పట్టకారుతో పట్టి లాగితే రాలేదు. స్పిరిట్ చుక్క వేసి, కాస్త నాననిచ్చి లాగితే వచ్చింది. తెల్లకాగితం మీద పెట్టాడు.

బియ్యపు నూక. పసుపురంగులో ఉంది.

ఏడుకొండలుకు మొదట నవ్వొచ్చింది. శ్యాంసన్ చర్చికి పోయే మనిషి. దసరా లేదు, గంధం లేదు, పూజ లేదు. ఆ కెమెరాలోకి నెయ్యీ పసుపూ కలిపిన అక్షింత ఎట్లా వచ్చింది? అక్షింతలు పెళ్లిలో చల్లుతారు, సరే. చల్లినవి కెమెరా మీద పడతాయి, లోపల పడవు. లోపల పడాలంటే సరిగ్గా ఆ సమయంలో ఎవరో లెన్సు ఊడదీసి ఉండాలి. జీలకర్ర బెల్లం వేళ లెన్సు ఊడదీసే బుద్ధిలేని ఫోటోగ్రాఫరు ఎవరు?

నవ్వు ఆగిపోయింది. లేచి బీరువాలోంచి ఆల్బం తీశాడు.

మసకవి మొదలయ్యే ముందు, బాగా వచ్చిన ఆఖరి ఫోటో ఒకటుంది. పాతికేళ్లుగా ఇంటిల్లిపాదీ చూసిన ఫోటోనే. అందులో ఏడుకొండలే ఉన్నాడు. పట్టుపంచె ఎగ్గట్టి, నోరు తెరిచి ఏదో అరుస్తూ, కెమెరా వైపు చెయ్యి చాచి వస్తున్నాడు. ఆ పిడికిలి సందుల్లోంచి అక్షింతలు కారుతున్నాయి. ఒక్కో గింజా లెక్కపెట్టుకోవచ్చు. అంత బాగా తీశాడు శ్యాంసన్.

అంతా గుర్తొచ్చింది. పురోహితుడు అక్షింతలు పంచాడు. తను పీట మీద నుంచి లేచి, దగ్గరగా తియ్యి, పొడుగు లెన్సు పెట్టు అని కేకలేస్తూ పోయాడు. పెడతాలే బావా, కూర్చో అని శ్యాంసన్ అన్నాడు. తను కూర్చోలేదు. కెమెరా లాక్కొని, అదే పిడికిలితో పొట్టి లెన్సు తిప్పి తీసి, పొడుగుది బిగించి అతని చేతిలో పెట్టాడు. అంతమందిలో, ఎట్లా పని చెయ్యాలో చూపించిన గర్వం కూడా ఉంది. పిడికిలిలో మిగిలిన అక్షింతలు పోయి పిల్లల నెత్తిన చల్లాడు.

ఏడుకొండలు అట్టముక్క తీసుకొని సిరా బుడ్డి తెరిచాడు. ఎవరి చీటీ అయినా రెండు నిమిషాల పని. ఇది సాయంత్రం దాకా పట్టింది.

మొదటి అట్ట మీద "కారణం: అద్దం మేకు" అని రాశాడు. అబద్ధం కాదు, నిజమూ కాదు. రెండోదాని మీద "కారణం: అక్షింత" అని రాశాడు. అక్షింత తనంతట తాను నడిచిపోదు. చించేశాడు. మూడోదాని మీద "కారణం: తెలియదు" అని రాసి, ఆరడానికి బల్ల మీద పెట్టాడు. పెంటాక్సును గోనెసంచిలో వేసి అటక మీద పారేస్తే ఎవడికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాడు. అప్పుడే లక్ష్మీప్రసన్న వచ్చింది.

చీటీ చదివింది. తండ్రిని చూసింది. "ఈ మాట నువ్వు రాయంగ నేనెప్పుడూ చూడలా, నాయనా."

ఏడుకొండలు కాగితం మీద నూకను చూపించాడు. ఆల్బం ముందుకు తోశాడు. ఏడో ఎక్కం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. లక్ష్మీప్రసన్న ఆ ఫోటోను చాలాసేపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"మేకను పట్టేదానికి పోతుండట్టు ఉండాడు మీ నాయన అని అమ్మ అంటుండె, ఈ ఫోటో చూసినప్పుడల్లా."

"మీ అమ్మకు తెలుసా?"

"నూక సంగతి తెలీదు. నువ్వు చెయ్యి పెట్టినావని తెలుసు."

"చెప్పొచ్చు గదా."

"నీకా?" అంది లక్ష్మీప్రసన్న.

ఏడుకొండలు మూడో అట్టను కూడా చించి, నాలుగోది తీసుకున్నాడు. ఈసారి రెండు నిమిషాలే పట్టింది.

పొద్దున్నే గిద్దలూరు బస్సెక్కాడు. ఒళ్లో సంచి, సంచిలో పెంటాక్స్. కంభం దాటినప్పటి నుంచి ఒక వాక్యం కూడబలుక్కున్నాడు. పెద్దది కాదు. తప్పు నాదే శ్యాంసన్, అంతే. గిద్దలూరులో దిగేసరికి నోటికి వచ్చింది. కొట్టు ముందుకు పోయేసరికి పోయింది.

చిన్న కొట్టు. ఒక గోడకు నీలం గుడ్డ, దాని ముందు స్టూలు, పక్కన కంప్యూటరు. శ్యాంసన్ జుట్టు పూర్తిగా నెరిసింది. తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. పట్టనట్టే ఉన్నాడు.

"రండి సార్. పాస్‌పోర్టు సైజా, స్టాంపు సైజా?"

"పాస్‌పోర్టు," అన్నాడు ఏడుకొండలు.

"కూర్చోండి. దువ్వెన అద్దం దగ్గరుండాది."

ఏడుకొండలు తల దువ్వుకొని స్టూలు మీద కూర్చున్నాడు. శ్యాంసన్ దీపాలు వేసి, డిజిటల్ కెమెరా తీసుకొని ఎదురుగా నిలబడ్డాడు.

"గడ్డం కిందికి సార్. ఇంకొంచెం. కిందికి దించే అలవాటు మీకు లేనట్టుంది."

ఏడుకొండలు దించాడు. వెలుగు మెరిసింది.

"పేరు?"

"ఏడుకొండలు."

"ఎన్ని కాపీలు?"

ఏడుకొండలు సంచిలోంచి పెంటాక్స్ తీసి బల్ల మీద పెట్టాడు. చీటీ బల్ల అంచు నుంచి వేలాడింది. శ్యాంసన్ కళ్లజోడు సర్దుకొని, కెమెరాను ముట్టుకోకుండా చీటీని మాత్రం వేళ్లతో పట్టుకొని, కోర్టులో కాగితం చదివినట్టు చదివాడు.

"వస్తువు: పెంటాక్స్ కెమెరా. గిద్దలూరు శ్యాంసన్‌ది. లోపం: కంటికి కనిపించింది ఫిలిం మీద పడదు. కారణం: కూతురి పెళ్లిలో ఏడుకొండలు అనే ఫోటోగ్రాఫరు, అడగకుండా కెమెరా లాక్కొని, అక్షింతల చేత్తో లెన్సు మార్చాడు. తీసినవాడి చూపులో లోపం లేదు. ఉందని పాతికేళ్లు ఆ ఏడుకొండలే చెప్పుకు తిరిగాడు."

కింద ఒక చిన్న ప్లాస్టిక్ కవరు కుట్టి ఉంది. అందులో నూక. శ్యాంసన్ దాన్ని వెలుగుకు పట్టి చూశాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు, ఈసారి పెదాలతోనే. పోయి ఫ్యాను వేసి వచ్చి కూర్చున్నాడు.

"నేనే పంపినా," అన్నాడు. "ఆ పెళ్లి తర్వాత దాంతో ఒక్క ఫోటో తియ్యలా. తువ్వాలలో చుట్టి పెట్టినా. నీ చీటీలు మా పిల్లలు ఫోన్‌లో చూపిస్తుంటారు. ఊళ్లో వాళ్లందరినీ ఏకుతుండావు గదా, నన్నేమంటావో చూద్దామని అంజయ్యకిచ్చినా. గుడ్డోడు అని రాస్తావనుకున్నా."

"అట్లనే రాద్దామనుకున్నా."

"మరి?"

"ఏడో ఎక్కం వచ్చింది." ఏడుకొండలు పలకల సంగతి చెప్పాడు.

శ్యాంసన్ ముందుకు వంగాడు. "ముందుకు పడుతుండాదా?"

"అడుగున్నర."

"పొట్టి లెన్సుతో?"

"చూడలా."

"అది గూడ చూడాల్సింది," అన్నాడు శ్యాంసన్. పాతికేళ్లలో ఏడుకొండలు తప్పు పట్టినవాళ్లే గానీ అతని పనిలో తప్పు పట్టినవాళ్లు లేరు. శ్యాంసన్ లెన్సు ఊడదీసి టార్చి వేశాడు. రెండు నెరిసిన తలలూ ఒక కెమెరా మీదికి వంగాయి. అద్దం మేకు మీద సరిగ్గా కూర్చుంటున్నదా, దాని కింద మరక మిగిలిందా, మరక స్పిరిట్‌కు పోతుందా అని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒక ముసలమ్మ పెన్షను ఫోటోకు వచ్చి, వీళ్లు తలెత్తకపోవడం చూసి విసుక్కొని వెళ్లిపోయింది.

చివరికి శ్యాంసన్ లెన్సు బిగించి, "క్షమించమని అడగవా బావా?" అన్నాడు.

"రాసినా గదా."

"రాసినావు. అది నీ లెక్క. నా లెక్క వేరే ఉండాది." శ్యాంసన్ చీటీని విప్పి ఏడుకొండలు చేతిలో పెట్టాడు. "ఒకటి, ఇది గూడ ఫోన్‌లో పెట్టాల, మిగిలినవన్నీ పెట్టినట్టే. రెండు, ఆ పెళ్లి ఫోటో మళ్లా తీస్తా. ఈ కెమెరాతోనే. నువ్వు మాత్రం చేతులు కట్టుకొని నిలబడాల."

చీటీని లక్ష్మీప్రసన్న ఆ సాయంత్రమే పెట్టింది. ఇంతవరకు ఏ చీటీనీ అంతమంది చూడలేదు. కనిగిరి, యర్రగొండపాలెం పాత ఫోటోగ్రాఫర్లు శ్యాంసన్‌కు ఫోన్లు చేశారు. కొందరు ఏడుకొండలుకు కూడా చేశారు. ఆ మాటలు ఇక్కడ రాయతగినవి కావు. ఏడుకొండలు ప్రతిదానికీ, అవును, రాసింది నేనే అని చెప్పి పెట్టేశాడు.

ఆదివారం పొద్దున శ్యాంసన్ మార్కాపురం వచ్చాడు. అల్లుడు ఫణికృష్ణ పలకల ఫ్యాక్టరీ ఆవరణలో, నల్లరాతి బండల ముందు కుర్చీలు వేశారు. లక్ష్మీప్రసన్న పెళ్లిపట్టుచీర కట్టింది. ఫణికృష్ణ పెళ్లినాటి చొక్కా బొత్తాలు పడక, పైన కండువా కప్పుకున్నాడు. పిలవకపోయినా అంజయ్య వచ్చి, భోజనాల సంగతి కనుక్కొని, ఒక చివర నిలబడ్డాడు. వెనక వరుసలో ఏడుకొండలు, బడిలో పంతులు నిలబెట్టిన పిల్లవాడిలాగా చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

శ్యాంసన్ స్టాండు మీద పెంటాక్స్ పెట్టి, కన్ను ఆనించి, ఫోకస్ తిప్పాడు. ఏడుకొండలు చూస్తున్నాడు. ఫ్యాక్టరీ రేకుల నీడ ఫణికృష్ణ మొహం మీద సగానికి పడుతోంది. ఫోటోలో సగం మొహం నల్లగా వస్తుంది. అందరినీ రెండడుగులు ఎడమకు జరపాలి. చేతులు లేవబోయాయి. చంకల్లో గట్టిగా అదిమి పెట్టుకున్నాడు. శ్యాంసన్ ఒకటి తీశాడు. ఇంకోటి తీశాడు. ఏడుకొండలు పెదాలు బిగించి నిలబడ్డాడు.

శ్యాంసన్ తలెత్తాడు. "ఏంది బావా, నోటిదాకా ఏదో వచ్చి ఆగినట్టుండాది."

"ఏం లేదు."

"చెప్పు."

"చేతులు కట్టుకోనుండా గదా."

"నోరు కట్టుకోమనలా."

"అల్లుడి మొగం సగం నీడలో ఉండాది," అన్నాడు ఏడుకొండలు. "రెండడుగులు ఎడమకు జరిపి తియ్యి."

శ్యాంసన్ ఫణికృష్ణ మొహం చూశాడు, రేకుల అంచు చూశాడు, మళ్లీ ఏడుకొండలును చూశాడు. అతని చేతులు చంకల్లోనే ఉన్నాయి.

"అందరూ ఎడమకు జరగండమ్మా," అన్నాడు శ్యాంసన్.

ఫిలిం ఏడుకొండలు స్నానాలగదిలోనే కడిగారు, ఇద్దరూ కలిసి, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ. అందరి మొహాలూ స్పష్టంగా వచ్చాయి. మూడో ఫోటోను లక్ష్మీప్రసన్న పెళ్లి ఆల్బంలోనే అంటించింది. అక్షింతల పిడికిలి చాచుకొని వస్తున్న ఫోటో ఉన్న పేజీ తిప్పగానే, చేతులు కట్టుకున్నది కనిపిస్తుంది.